దరఖాస్తులో ఎవరి మాట ఉండాలి?

గుణదల మరియమాత ఉత్సవాలు ముగిసిన వారంలో ఒక సాయంత్రం మా విచారణకు చెందిన ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఊళ్ళోని చిన్న ప్రయివేటు బడిలో ఉపాధ్యాయిని. ఆదివారం పూజ అయిన తరువాత గుడి వెనుక వేపచెట్టు క్రింద పిల్లలకు సత్యోపదేశం చెబుతూ ఉంటుంది. చేతిలో సెల్‌ఫోను, ముఖంలో కంగారు. విదేశంలోని ఒక క్రైస్తవ దైవశాస్త్ర కళాశాల ఇంటర్నెట్ ద్వారా పాఠాలు చెప్పి పట్టా ఇస్తుందట. చదువుకు రుసుము లేదట, పరీక్షలకు మాత్రం కొద్దిపాటి సొమ్ము కట్టాలట. దరఖాస్తుకు ఇక పది రోజులే గడువు.

"మాస్టారూ, మార్కుల జాబితాలు, గుర్తింపు కార్డు, ఫోటో అన్నీ పంపేశానండీ. మూడే మిగిలాయి. దైవశాస్త్రం ఎందుకు చదవాలనుకుంటున్నావో ఇంగ్లీషులో ఐదు వందల మాటల్లో వ్రాయమన్నారు. అది మీరు వ్రాసిపెట్టాలి. ఫాదర్ గారి సిఫారసు ఉత్తరం కూడా మీరే తయారు చేసి ఇస్తే ఆయన చేత సంతకం పెట్టించుకుంటాను. మూడోది ఏదో విశ్వాస ప్రకటన. దాని క్రింద ఒప్పుకున్నట్టు టిక్కు పెట్టి పేరు కొడితే చాలు" అంది.

నేను ఇంగ్లీషు బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఇటువంటి పనుల మీద పిల్లలు మా ఇంటికి రావడం కొత్త కాదు. పిల్లల చదువుకు సాయం చేయడం పుణ్యకార్యమనే అనుకుంటూ వచ్చాను, ఇప్పటికీ అనుకుంటున్నాను. కాని ఆ రోజు మాత్రం, "వ్రాసిపెట్టనమ్మా, దగ్గర కూర్చుంటాను" అన్నాను. అమ్మాయి ముఖం చిన్నబోయింది. ఆమెకు నేను చెప్పిన కారణాలనే ఈ వారం పాఠకుల ముందు ఉంచుతున్నాను. నేడు ఇంట్లో కూర్చుని దైవశాస్త్రం చదువుకునే అవకాశం మన పల్లెలదాకా వచ్చింది. ఉపదేశులు, యువతీ యువకులు, గృహిణులు ఇటువంటి దరఖాస్తులు పట్టుకుని మన దగ్గరకు వస్తున్నారు. వారికి సాయం చేయడమంటే ఏమిటి? ఎంతవరకు చేస్తే అది సాయం? ఎక్కడ దాటితే అది అపకారం?

ముందు నా తప్పు చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం ఒక యువకుడు ఇదే విధంగా నా దగ్గరకు వచ్చాడు. మంచి కుర్రవాడు, ఇంగ్లీషు అంతంతమాత్రం. గంటసేపు కూర్చుని అతని తరఫున ఒక వ్యాసం వ్రాసి ఇచ్చాను. చిన్ననాటి నుండీ దైవసేవ చేయాలనే తపన అని మొదలుపెట్టాను. తల్లి జబ్బుపడినప్పుడు రాత్రంతా ఆమె మంచం ప్రక్కన మోకరించి ప్రార్థించినట్టు, ఆ రాత్రే దైవ పిలుపు వినిపించినట్టు వ్రాశాను. తల్లి జబ్బుపడిన మాట నిజమే. మిగిలినదంతా నా కలం చలవ. అతను పూర్తిగా చదవకుండానే పంపేశాడు. సీటు వచ్చింది. మా ఇంటికి మిఠాయి పొట్లం కూడా వచ్చింది.

మూడు నెలల తరువాత అక్కడి అధ్యాపకుడొకాయన విద్యార్థులతో ఒక్కొక్కరితో ఇంటర్నెట్‌లో మాట్లాడుతూ, ఇతని వంతు వచ్చినప్పుడు, "నీ వ్యాసం నన్ను కదిలించింది. ఆ రాత్రి గురించి ఇంకా కొంచెం చెప్పు" అని ఆప్యాయంగా అడిగాడట. ఏ రాత్రో ఇతనికి తెలియదు. నోట మాట రాలేదు. ఆ తరువాత మెల్లమెల్లగా పాఠాలకు హాజరు కావడం మానేశాడు. ఒకనాడు గుడి దగ్గర కనిపిస్తే ఎందుకు మానేశావని మందలించబోయాను. అతను తల వంచుకుని, "మాస్టారూ, ఆ కాగితంలో ఉన్న అబ్బాయి చాలా మంచివాడండీ. నేను వాణ్ణి కాదు" అన్నాడు.

ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. అతనికి నేను చేసిన అపకారం ఏమిటో అప్పుడు అర్థమైంది. కళాశాలవారిని మోసగించడం ఒక ఎత్తు. ఆ ప్రశ్నను అతని చేతిలోనుండి లాక్కోవడం మరో ఎత్తు. నీవు దేవుని గురించి ఎందుకు తెలుసుకోవాలనుకుంటున్నావు? జీవితంలో ఎవరైనా మనల్ని సూటిగా అంత పెద్ద ప్రశ్న అడగడం అరుదు. అది అతని ఎదుటికి వచ్చింది. నేను మధ్యలో నిలబడి జవాబు చెప్పేశాను. ఇక అతనికి ఆ ప్రశ్న వేసుకోవలసిన అవసరమే లేకుండా పోయింది.

"ఇందులో అంత పాపమేముంది మాస్టారూ?" అని ఆ అమ్మాయి అడిగింది. న్యాయమైన ప్రశ్నే. మన దేశంలో ఒకరి తరఫున మరొకరు వ్రాయడం పాత ఆచారం. తాలూకా కచేరీ అరుగుల మీద కూర్చుని అర్జీలు వ్రాసిపెట్టేవారు ఉండేవారు. చదువురాని తల్లులకు దూరాన ఉన్న కొడుకుల పేర ఉత్తరాలు వ్రాసిపెట్టిన పోస్టుమాస్టర్లు ఉన్నారు. అంతెందుకు? పునీత పౌలుగారు రోమీయులకు వ్రాసిన లేఖను చేత్తో వ్రాసినవాడు తెర్తియు. ఆ లేఖ చివరి అధ్యాయంలో అతను తన పేరు చెప్పుకుని చదువరులకు శుభాకాంక్షలు కూడా పలికాడు. మరి తెర్తియు వ్రాయగా లేని తప్పు నేను వ్రాస్తే వచ్చిందా?

తేడా ఇక్కడే ఉంది. తెర్తియు పట్టింది కలం మాత్రమే, మాట పౌలుగారిది. తెర్తియు తన పేరు దాచుకోలేదు కూడా. అర్జీ సంగతి చూడండి. రేషను కార్డు కావాలని వ్రాసిన అర్జీలో అధికారికి కావలసింది ఆ ఇంటి వివరాలు. భాష ఎవరిదైనా ఆయనకు పట్టదు, వేరేవారు వ్రాసిపెట్టి ఉంటారని ఆయనకూ తెలుసు. కాని నీ హృదయం విప్పి చెప్పమని అడిగినప్పుడు కావలసింది ఆ మాటలే. ఆ మాటలు మరొకరివైతే ఇవ్వవలసినది ఇవ్వనట్టే. పైగా ఇచ్చినట్టు నటించినట్టు.

మనవాళ్ళలో మరో సమాధానం కూడా ఉంది. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నారు కదా, ఒక బీదపిల్ల చదువుకోసం ఒక్క అబద్ధం ఆడలేమా అంటారు. పోతన భాగవతంలో వామనావతార కథ తెలిసినవారికి శుక్రాచార్యుడు గుర్తుండే ఉంటాడు. పెళ్ళిళ్ళ విషయంలోను, ప్రాణానికి, ఆస్తికి, పరువుకు ముప్పు వచ్చిన వేళల్లోను బొంకితే దోషం లేదని బలి చక్రవర్తికి నచ్చజెప్పబోతాడు. లోకజ్ఞానం తెలిసిన గురువు సలహా అది. శిష్యుడు మాత్రం వినలేదు. సర్వం పోయినా ఇచ్చిన మాట తప్పనన్నాడు. తరతరాలుగా మన జనం తలచుకుంటున్నది శుక్రాచార్యుని తెలివిని కాదు, బలి మాటను.

మన శ్రీసభ పండితులు కూడా దీన్ని లోతుగా ఆలోచించారు. 13వ శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసు అబద్ధాలను మూడు తెగలుగా విభజించి చూపారు. నవ్వుకోసం ఆడేవి, ఒకరికి మేలు చేయాలని ఆడేవి, ఒకరికి కీడు చేయాలని ఆడేవి. మేలుకోసం ఆడే అబద్ధం బరువు తక్కువదని ఆయన ఒప్పుకున్నారు. అది చావైన పాపం కాదన్నారు. కాని పాపం కాకుండా పోదన్నారు. దాని తరువాత ఆయన చెప్పిన మరో మాట కూడా ముఖ్యం. అబద్ధమాడకూడదు గాని, వివేకంతో కొన్ని సంగతులను చెప్పకుండా ఉండవచ్చు. ఈ రెండో మాట సిఫారసు ఉత్తరం దగ్గర మనకు పనికివస్తుంది.

అయితే నేను సులభంగా దాటలేకపోయిన అభ్యంతరం ఒకటుంది. ఆ అమ్మాయే అడిగింది. "పట్నంలో ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లలకు వాళ్ళ నాన్నలు, మామయ్యలు దిద్దిపెడతారు. డబ్బున్నవాళ్ళు సలహాదారులకు ఇచ్చి వ్రాయించుకుంటారు. ఇప్పుడైతే కంప్యూటరే వ్రాసిపెడుతోంది. నాకు మీరు తప్ప ఎవరున్నారు? మీ నిజాయితీకి నేనెందుకు నష్టపోవాలి?"

ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పకూడదు. సుఖంగా ఉన్నవాడు లేనివాడికి నీతులు చెప్పడం తేలిక. భాష రానంత మాత్రాన ఒక బిడ్డ వెనుకబడిపోవడం అన్యాయమే. 2022 చివరలో చాట్‌జీపీటీ వంటి యంత్రాలు జనంలోకి వచ్చినప్పటి నుండి ఎటువంటి వ్యాసమైనా నిమిషంలో తయారవుతున్నమాట కూడా నిజమే. అయినా ఆ అమ్మాయికి లేనిదేమిటో సరిగా చూడాలి. ఆమెకు లేనిది ఇంగ్లీషు. హృదయం ఉంది, అనుభవం ఉంది, కారణం ఉంది. లేనిదాన్ని నేను ఇవ్వవచ్చు. ఉన్నదాన్ని తోసేసి నాది పెట్టకూడదు. కనుక మేమిద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. ఆమె తెలుగులో వ్రాస్తుంది. ఎంత చిన్నదైనా ఫరవాలేదు. నేను ప్రశ్నలు వేస్తాను గాని జవాబులు చెప్పను. దాన్ని ఇద్దరం కలిసి ఇంగ్లీషులోకి మారుస్తాం. చివర, ఇది నేను తెలుగులో వ్రాసుకున్నాను, మా మాస్టారి సాయంతో ఇంగ్లీషులోకి మార్చుకున్నాను అని ఒక వాక్యం చేరుస్తాం. తెర్తియులాగా నా పేరు కూడా బయటపడుతుంది.

రెండు రోజుల తరువాత ఒక కాగితం తెచ్చింది. మొదటి పేరాలో అంతా నేను ఆ యువకుడికి వ్రాసిపెట్టిన మాటలవంటివే. దైవసేవ, తపన, అంకితభావం. "ఇది ఎవరు చెప్పారమ్మా?" అన్నాను. "అందరూ ఇలాగే వ్రాస్తారు కదండీ" అంది. "మరి నీకు ఈ ఆలోచన మొట్టమొదట ఎప్పుడు వచ్చింది? ఏ రోజు? ఎక్కడున్నావు అప్పుడు?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పింది.

సత్యోపదేశం తరగతిలో ఒక ఆదివారం మూడో తరగతి చదివే పిల్లవాడొకడు లేచి, "టీచర్, మా తాతయ్య జ్ఞానస్నానం తీసుకోకుండానే చచ్చిపోయాడు. ఆయన ఎక్కడున్నాడు?" అని అడిగాడట. ఆ తాతయ్య ఊరందరికీ తెలిసిన మంచి మనిషి. ఆ అమ్మాయికి ఏమి చెప్పాలో తెలియలేదు. నోటికి వచ్చినట్టు ఏదో చెప్పి కూర్చోబెట్టింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదట. "ఆ పిల్లవాడికి నేను నిజం చెప్పానో అబద్ధం చెప్పానో నాకే తెలియదు మాస్టారూ. ఇంకోసారి ఎవరైనా అడిగితే తెలిసి చెప్పాలి" అంది.

ప్రియ పాఠకులారా, పునీత అగుస్తీను దగ్గర నుండి నేటి వరకు దైవశాస్త్రం పుట్టింది ఇటువంటి ప్రశ్నలలోనుండే. ఆ పిల్లవాని ప్రశ్నను రెండవ వాటికన్ మహాసభ కూడా తన ముందు ఉంచుకుంది. తమ తప్పు లేకుండా సువార్తను ఎరుగక, నిండు మనసుతో దేవుని వెదకి, అంతరాత్మ చెప్పిన మంచిని చేసినవారికి రక్షణ మార్గం మూసుకుపోలేదని 1964లో వెలువడిన శ్రీసభ ప్రమాణ పత్రం 16వ విభాగంలో బోధించింది. ఆ సంగతి ఆమెకు ఆ రోజే చెప్పాను. కళ్ళు తుడుచుకుంది. "ఇదే వ్రాయనా?" అంది. "ఇది తప్ప మరేమీ వ్రాయకు" అన్నాను. నేను వ్రాసి ఇచ్చి ఉంటే ఆ పిల్లవాడు, ఆ తాతయ్య, నిద్రలేని ఆ రాత్రి ఇవేవీ ఆ కాగితం మీదకు వచ్చేవి కావు.

దాదాపు 400వ సంవత్సరం ప్రాంతంలో కార్తేజిలోని దెయొగ్రాసియాసు అనే డీకను, క్రైస్తవం గురించి మొదటిసారి వినవచ్చినవారికి ఎలా బోధించాలని అగుస్తీనుగారిని అడిగాడు. దానికి జవాబుగా ఆయన ఒక చిన్న పుస్తకమే వ్రాశారు. అందులో ఒక సలహా మన సందర్భానికి ఎంతో దగ్గరగా ఉంది. వచ్చిన మనిషి ఎందుకు వచ్చాడో వీలైతే అతన్ని ఎరిగినవారి ద్వారా ముందే తెలుసుకోమన్నారు. అలాంటివారు లేకపోతే అతన్నే అడగమన్నారు. అతను ఏ కారణం చెబితే దాని దగ్గరే బోధన మొదలుపెట్టమన్నారు. స్వలాభం కోసం వచ్చి పైకి మంచి కారణం చెప్పినా సరే, బయటపెట్టి అవమానించవద్దనీ, చెప్పిన ఆ మంచి కారణాన్నే మెచ్చుకుని, అతను పైకి కనబరచినట్టే లోపల కూడా మారాలనే ఆశ పుట్టించమనీ ఆయన భావం. ఎంత ఓర్పుగల గురువో చూడండి. దరఖాస్తులోని రెండు కాగితాలూ, స్వయంగా చెప్పుకునేదీ, ఎరిగినవారు చెప్పేదీ, ఆ పుస్తకంలో అప్పుడే ఉన్నాయి.

ఇక ఆ రెండో కాగితం, సిఫారసు ఉత్తరం. 4వ శతాబ్దం చివర ఎగేరియా అనే యాత్రికురాలు యెరూషలేములో తాను చూసినవి తన సోదరీమణులకు వ్రాసి పంపింది. తపస్సుకాలం ఆరంభంలో జ్ఞానస్నానం కోరినవారిని ఒక్కొక్కరినే పీఠాధిపతి ఎదుటకు తెచ్చేవారట. ఆయన వారి ఇరుగుపొరుగువారిని అడిగేవారట. ఇతను మంచి నడవడి గలవాడా? తల్లిదండ్రులను గౌరవిస్తాడా? తాగుబోతా? అబద్ధాలకోరా? తప్పున్నట్టు తేలితే, సరిదిద్దుకుని రమ్మని పంపేవారట. ఎరిగిన సాక్షులు లేని పరదేశికి ప్రవేశం అంత సులభం కాదని కూడా ఆమె వ్రాసింది. సిఫారసు అంటే అదీ. ఎదుటివారి ఆత్మకు సంబంధించిన ఒక నిర్ణయానికి మనం సాక్ష్యం చెప్పడం.

నేడు మనం ఏమి చేస్తున్నాం? విద్యార్థే వ్రాసుకుని వస్తాడు, పెద్దలు చదవకుండా సంతకం పెడతారు. ఇందులో పెద్దల నిర్దయ ఏమీ లేదు. తీరిక లేదు, కాదంటే బాధపడతారనే మొగమాటం. కాని ఆ సంతకానికి విలువ ఎక్కడ నుండి వచ్చింది? ఆ మనిషిని నేను ఎరుగుదును అనే మాటలో నుండి. ఎరుగకుండా పెట్టిన సంతకం అబద్ధసాక్ష్యమే. సాక్ష్యం పేరిట ఇరుగుపొరుగు గుసగుసలు వ్రాయడం కూడా తప్పే. ఎవరి మంచిపేరుకూ అన్యాయంగా హాని చేయరాదని 1983 నాటి శ్రీసభ న్యాయస్మృతి 220వ సూత్రం చెబుతోంది. పాపసంకీర్తనంలో విన్నది ఏ రూపంలోనూ వాడుకోకూడదన్నది అందరికీ తెలిసిందే. గురువిద్యాలయాలలో కూడా విద్యార్థిని గురుపట్టాలకు అనుమతించే వేళ, పంపివేసే వేళ ఆత్మీయ గురువు అభిప్రాయాన్ని, పాపసంకీర్తనం విన్న గురువు అభిప్రాయాన్ని అడగనే కూడదని 240వ సూత్రం శాసిస్తోంది. అంటే చెప్పవలసింది దాచకూడదు, చెప్పకూడనిది చెప్పకూడదు. తోమాసు అక్వినాసుగారు చెప్పిన వివేకం ఇదే.

మా ఫాదర్ గారి దగ్గరకు ఆ అమ్మాయి ఖాళీ కాగితంతోనే వెళ్ళింది. ఆయన రెండు రోజులు గడువు అడిగారు. తానే వ్రాశారు. పంపేముందు ఆమెను పిలిచి, "నీలో నాకు నచ్చని గుణం ఒకటి కూడా వ్రాస్తున్నానమ్మా, నీకు చెప్పే వ్రాస్తున్నాను. పిల్లలు అల్లరి చేస్తే నీకు త్వరగా కోపం వస్తుంది. దాన్ని తగ్గించుకోవడానికి ప్రయత్నిస్తున్నావని కూడా వ్రాశాను" అన్నారట. ఆ మాట నాకు చెబుతూ అమ్మాయి నవ్వింది. తనను ఒకరు ఇంత శ్రద్ధగా గమనించారని తెలిసిన సంతోషం అది.

మూడో కాగితం దగ్గర అసలు చిక్కు వచ్చింది. ఆ కళాశాల కథోలికులది కాదు. వారి విశ్వాస ప్రకటనను ఇద్దరం కూర్చుని చదివాం. త్రిత్వైక దేవుడు, క్రీస్తునాథుని మనుష్యావతారం, సిలువ మరణం, పునరుత్థానం, ఇవన్నీ 325లో నీసియా మహాసభలో మొదలై మనం ఆదివారం పూజలో పలికే విశ్వాస సంగ్రహంలోనివే. ఆ సోదరులతో మనకు ఎంత సమానంగా ఉందో చూసి సంతోషించాం. విశ్వాసం ద్వారా నీతిమంతులవడం గురించి కూడా, పాతకాలపు వైరం నేడు లేదు. 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఔగ్స్‌బర్గ్ నగరంలో కథోలిక శ్రీసభ, లూథరన్ ప్రపంచ సమాఖ్య కలిసి ఆ విషయంపై ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. కాని మరో రెండు అంశాలున్నాయి. బైబిలు తప్ప శ్రీసభ సంప్రదాయానికి, బోధనాధికారానికి ప్రమాణత్వం లేదన్నది ఒకటి. దివ్యసత్ప్రసాదం కేవలం జ్ఞాపకార్థమన్నది రెండవది. వీటిని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను అని క్రింద సంతకం చేయాలి.

"టిక్కు పెట్టేద్దాం మాస్టారూ, మనసులో మన విశ్వాసం మనదే కదా" అంది. సరిగ్గా ఇదే మాటను అగుస్తీనుగారి కాలంలో కొందరు అన్నారు. స్పెయిన్‌లోని ప్రిస్కిల్లియన్ మతవాదులు తమ విశ్వాసాన్ని దాచిపెట్టుకోవడానికి అబద్ధమాడవచ్చునని నమ్మేవారు. వారిని పట్టుకోవడానికి మనమూ వారిలో ఒకరిమని నటిద్దామని కొందరు కథోలికులు తలపెట్టారు. కొన్సెంసియుసు అనే ఆయన దీని గురించి వ్రాయగా, 420 ప్రాంతంలో అగుస్తీనుగారు అబద్ధానికి వ్యతిరేకంగా అనే గ్రంథమే వ్రాసి జవాబిచ్చారు. సత్యాన్ని నిలబెట్టడానికి అసత్యాన్ని వాడితే ఇక ఎవరు ఎవరిని నమ్ముతారన్నది ఆయన ఆవేదన. మన మాటనే శంకించే స్థితి తెచ్చుకుని విశ్వాసాన్ని ఎలా బోధిస్తాం?

ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 16వ శతాబ్దం నుండి 1854 వరకు చేరదలచిన ప్రతి విద్యార్థీ ఆంగ్లికన్ సభవారి 39 అంశాల క్రింద సంతకం చేయవలసి ఉండేది. ఒక్క సంతకం. అది చేయలేక తరతరాల కథోలిక కుటుంబాలు ఆ గొప్ప చదువును వదులుకున్నాయి. కొందరు తమ బిడ్డలను సముద్రం దాటించి ఫ్రాన్సు, ఫ్లాండర్స్ దేశాలకు పంపి చదివించుకున్నారు. వారికి చదువు విలువ తెలియక కాదు. సంతకం విలువ కూడా తెలిసి.

మరి కళాశాలవారిదా తప్పు? కాదు. తమ విశ్వాసం ఏమిటో వారు దాచకుండా చెప్పారు. అది వారి నిజాయితీ. మనమూ దాచకుండా చెప్పడమే వారికి మనమిచ్చే గౌరవం. ఆ అమ్మాయి వారికి ఒక ఉత్తరం వ్రాసింది. నేను కథోలికురాలిని, మీ ప్రకటనలో ఈ అంశాలను గౌరవిస్తాను గాని ఒప్పుకోలేను, అయినా నాకు చదివే అవకాశం ఉందా అని అడిగింది. వారం తరువాత మర్యాదగా జవాబు వచ్చింది. పట్టా చదువుకు సంతకం తప్పనిసరి, బైబిలు చదువులో సర్టిఫికెట్టు పాఠాలకు మాత్రం అవసరం లేదు. అమ్మాయి ఆ రోజు సాయంత్రం అంతా మౌనంగా ఉంది. రుసుము లేని పట్టా చేజారింది. దాని విలువ ఆమెకు తెలుసు, నెల జీతం ఎంతో నాకు తెలుసు. నిజం చెప్పడానికి ఏ నష్టమూ ఉండదని పిల్లలకు చెబితే అది కూడా ఒక అబద్ధమే. నష్టం ఉంటుంది. ఉన్నా చెప్పాలి.

చివరిగా ఒక మాట. విద్యార్థి కళాశాలకు నిజం చెప్పాలని అంటున్నాం. కళాశాల విద్యార్థికి నిజం చెబుతోందా అని చూడవలసిన బాధ్యత, సాయం చేసే మనదే. డబ్బు కడితే చాలు, చదవకుండానే డాక్టరు బిరుదు ఇచ్చే సంస్థలు కూడా ఇంటర్నెట్‌లో ఉన్నాయి. మన దేశంలో 1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షను ప్రకారం, చట్టం ద్వారా ఏర్పడిన విశ్వవిద్యాలయాలు, ఆ హోదా పొందినవి, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చినవి మాత్రమే డిగ్రీలు ఇవ్వగలవు. ప్రొటెస్టంటు సోదరులు గౌరవించే సీరాంపూర్ కళాశాల 1818లో స్థాపితమై, 1827లో డెన్మార్కు రాజు ఇచ్చిన సన్నదు ద్వారా డిగ్రీలిచ్చే హక్కు పొందింది. మన శ్రీసభలో, పరిశుద్ధ పీఠం స్థాపించిన లేక ఆమోదించిన సంస్థలు ఇచ్చిన పట్టాలకే శ్రీసభాపరమైన విలువ ఉంటుందని 817వ సూత్రం చెబుతోంది. ఇంటర్నెట్ బోధనను శ్రీసభ కాదనలేదు. దూరబోధన ఎలా జరగాలో 2021లో రోమునుండి మార్గదర్శక సూత్రాలు వెలువడ్డాయి. డొమినికన్ సభవారి డొముని వంటి సంస్థలు ఆ విధంగా బోధిస్తూనే ఉన్నాయి. ఇక సామాన్య విశ్వాసులు స్త్రీపురుష భేదం లేకుండా దైవశాస్త్రం చదవడం, పట్టాలు పొందడం వారి హక్కు అని 229వ సూత్రం స్పష్టం చేసింది. ఇది ఎవరో దయతలచి ఇచ్చే భిక్ష కాదు.

కనుక దరఖాస్తు పట్టుకుని వచ్చిన బిడ్డను ముందు మనమే నాలుగు ప్రశ్నలు అడుగుదాం. ఈ పట్టాను ఎవరు గుర్తిస్తారు? మొదటి రుసుము తరువాత ఇంకా ఏమేమి కట్టాలి? వారి విశ్వాస ప్రకటన చదివావా? ఈ చదువుతో ఎవరికి ఏమి చేయాలనుకుంటున్నావు? చివరి ప్రశ్నకు మాత్రం జవాబు మనం అందించవద్దు. ఎంత ఆలస్యమైనా ఆ బిడ్డ నోటి నుండే రానిద్దాం. దగ్గర కూర్చోవడం, ఓపికగా వినడం, భాష దిద్దడం, వారు అలసిపోతే కాఫీ ఇవ్వడం, ఇదంతా సాయమే. వారి స్థానంలో మనం నిలబడడం మాత్రం సాయం కాదు. దేవుని ఎదుట ఎవరి స్థానంలో వారే నిలబడాలి కదా.

ఆ అమ్మాయి సర్టిఫికెట్టు పాఠాలలో చేరింది. నెలకు కొంత సొమ్ము ప్రక్కన పెడుతోంది, వచ్చే ఏడాది కథోలిక సంస్థ ఒకదానిలో చేరాలని. మొన్న ఆదివారం పూజ అయ్యాక వేపచెట్టు క్రిందకు వెళ్ళి దూరంగా నిలబడ్డాను. మూడో తరగతి పిల్లవాడు ముందు వరుసలో కూర్చుని ఉన్నాడు. ఆమె అతని పేరు పిలిచి, "మీ తాతయ్య గురించి నువ్వు అడిగావు, గుర్తుందా? ఆ రోజు నాకు సరిగా తెలియదు. ఇప్పుడు కొంచెం తెలిసింది, చెబుతాను విను" అంది.

పిల్లవాడు లేచి నిలబడ్డాడు.